కనుమ నాడు పాతిక మందికి ఇంట్లోనే భోజనం: నేను చేసే పద్ధతి

కనుమకి రెండు వైపుల చుట్టాలు, పక్క ఫ్లాట్లవాళ్లు కలిపి పాతిక మంది వస్తున్నారు, బయట ఆర్డరు ఇవ్వకుండా మూడు పొయ్యిల వంటింట్లో వండగలనా అని అడిగారు. వండగలరు. మాది రాజమండ్రి వైపు, ఉండేది హైదరాబాదులో. ఏడేళ్లుగా మావాళ్లందరి కనుమ భోజనం మా ఇంట్లోనే. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ రోజు వచ్చినవాళ్లు సాయంత్రం దాకా ఉంటారు.

మొదటి ఏడాది రెండు కిలోల బియ్యానికి ఒకే గిన్నెలో ఎసరు పెట్టాను. అడుగు మాడింది, పైన పలుకు మిగిలింది. దానికంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. పన్నెండున్నర నుంచి మూడు దాకా బాండీ దగ్గరే నిలబడి గారెలు వేస్తూ ఉన్నాను. ఊరి నుంచి వచ్చిన పిన్నితో నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోయాను. మా అమ్మా అంతే, పండగ పూట ఎప్పుడూ ఆఖరునే తినేది. వచ్చే ఏడాది రెండో బంతిలోనైనా నేనూ అందరితో కూర్చుని తినాలని ఆ రోజే అనుకున్నాను. కింద రాసిందంతా దాని కోసమే.

ముందు పొయ్యిలు లెక్కపెట్టుకోండి, తర్వాతే వంటకాలు. పండగ రోజు పొద్దున పొయ్యి మీద ఎక్కువసేపు పట్టేవి నాలుగే ఉండాలి: గారెలు, కోడికూర, పప్పు, అన్నం. తక్కినవాటి పని చాలావరకు సంక్రాంతి రోజు సాయంత్రానికే అయిపోవాలి. పులిహోర పులుసు ఉడికించి పెట్టుకోవచ్చు, పొద్దున అన్నం ఆరబెట్టి కలపడమే. కిలో బియ్యానికి నేను నూట యాభై గ్రాముల చింతపండు వేస్తాను. బొబ్బట్లు కూడా ముందు రోజే చేసేస్తాను, నెయ్యి రాసి డబ్బాలో పెడితే మెత్తగానే ఉంటాయి. చిక్కుడుకాయలు ఈనెలు తీసి, గుమ్మడికాయ ముక్కలు కోసి ఫ్రిజ్‌లో పెట్టండి. గుమ్మడికాయ పులుసు పెందలాడే పెట్టి దించేస్తే మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది. అరిసెలు మాత్రం ఆ రెండు రోజుల్లో పెట్టుకోకండి. పాకం కలిపేవాళ్లొకరు, పిండి పోసేవాళ్లొకరు ఉండాలి, వారం ముందే చేసుకున్నా చెడిపోవు.

ఇక గారెలు. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి వీటిని మానేయలేం. మనిషికి నాలుగు చొప్పున వంద కావాలి. కిలో మినపగుళ్లకి నా చేతికి యాభై పైచిలుకు వస్తాయి, అందుకని రెండు కిలోలు పోస్తాను. నాలుగైదు గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెడితే నూనె పీలుస్తాయి. నేను సంక్రాంతి మధ్యాహ్నం రెండింటికి నానబోసి, ఏడింటికి రుబ్బుతాను. మా రెండు లీటర్ల గ్రైండర్లో ఒక వాయికి అర కిలో కంటే వేయను, నీళ్లు చిలకరించడమే తప్ప పోయను. చిన్న ముద్ద నీళ్లలో వేస్తే తేలాలి, అప్పుడే పిండి అయినట్టు. ఉప్పు వేయకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి, ఉప్పు పడితే తెల్లారేసరికి జారిపోతుంది. పొద్దున వేసే ముందే ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కలుపుతాను. పదింటికల్లా గారెలన్నీ లేత రంగులో ఉండగానే తీసేసి, వెడల్పాటి పళ్లేల్లో పరిచి పెడతాను. వడ్డించే ముందు బాగా కాగిన నూనెలో నిమిషం వేసి తీస్తే కరకరలాడుతూ వేడిగా వస్తాయి. ఈ రెండోసారి వేయడం ఎవరైనా చేయగలరు. మా ఇంట్లో మా మరిది చేస్తాడు. నన్ను ఆ బాండీ దగ్గర నుంచి కదిలించింది ఈ ఒక్క పద్ధతే.

కోడికూరకి నాలుగు కిలోల మాంసం సరిపోతుంది, నాటుకోడి అయితే ఉడకడానికి సమయం ఎక్కువ పడుతుంది. కనుమ తెల్లవారుజామున కొట్ల దగ్గర వరసలు ఉంటాయి, ముందు రోజే చెప్పి పెట్టండి. ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి గంట ఉంచి, రెండు కుక్కర్లలో వేరువేరుగా ఉడికించి, ఆఖర్లో పెద్ద గిన్నెలో కలిపి నూనె తేలేదాకా మరిగించండి. మామూలుగా కిలోకి రెండు గ్లాసుల నీళ్లు పోస్తే నాలుగు కిలోలకి ఎనిమిది పోయకండి. నీరు ఆ లెక్కన ఆవిరవదు, పులుసు పల్చబడిపోతుంది. ఉప్పు, కారం కూడా పావు వంతు తగ్గించి వేసి, ఉడికాక రుచి చూసి కలపండి. మాంసం తినని పెద్దవాళ్లుంటే గారెలూ పప్పూ ముందే అయిపోనిచ్చి, ఆ తర్వాతే కోడి ముట్టుకోండి. గరిటెలు వేరుగా పెట్టండి. మా అత్తయ్య ఏమీ అనరు గానీ, ఆవిడ నిశ్చింతగా తినాలి కదా.

తెల్లన్నానికి కిలోన్నర బియ్యం చాలు, గారెలు, పులిహోర ఉన్న రోజు అన్నం అంతగా కదలదు. రెండు మధ్యస్థం గిన్నెల్లో వార్చండి. టెంట్ హౌస్ నుంచి పెద్ద గుండిగలు తేవొద్దు, ఇంటి పొయ్యి మంట వాటి అడుగంతా అందుకోదు. రెండో సిలిండర్ నిండుగా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

"ఏమైనా చేయనా వదినా" అని అడిగినవాళ్లకి మొహమాటపడకుండా పని చెప్పండి. ఆకులు కడగడం ఒకరికి, నీళ్లు ఒకరికి, మజ్జిగమిరపకాయలు వేయించడం ఒకరికి. మొదటి బంతికి మీరు వడ్డించండి, రెండో బంతిలో మీ ఆకు ముందే వేయించుకోండి. పోయినేడు నేను పిన్ని పక్కనే కూర్చున్నాను. నా ఆకులో గారె ఆవిడే వేసింది.

ఒకటి మర్చిపోయాను. పెరుగుకి నాలుగు లీటర్ల పాలు తీసుకుని ముందు రోజు సాయంత్రం ఆరింటికే తోడేయండి. జనవరి చలికి రాత్రి పదింటికి వేస్తే పొద్దున్నకి తోడుకోదు. పాలు మామూలుకంటే కాస్త వేడిగా ఉండాలి, తోడు ఒక చెంచా ఎక్కువ పడాలి, గిన్నెకి పాత దుప్పటి చుట్టాలి.