రిపోర్టులో ‘ఇన్‌ఫ్లమేషన్’ అని ఉంటే గర్భసంచి తీయించాలా?

ప్రశ్న: నా వయసు 39. ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. తెల్లబట్ట అవుతోందని ప్యాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) చేయిస్తే ‘ఎన్‌ఐఎల్‌ఎం, ఇన్‌ఫ్లమేషన్’ అని వచ్చింది. ముందుముందు క్యాన్సర్ కావచ్చు, పిల్లలు చాలు కదా, గర్భసంచి తీయించేసుకోమంటున్నారు. మా పాపకి 13 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా పెళ్లి కుదిరాక వేయిస్తే చాలదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ఈ రిపోర్టు చూసి ఆపరేషన్‌కి ఒప్పుకోకండి. ‘ఎన్‌ఐఎల్‌ఎం’ అంటే క్యాన్సర్ కణాలు గానీ, దానికి ముందు దశ మార్పులు గానీ శాంపిల్‌లో కనిపించలేదని అర్థం. ఇన్‌ఫ్లమేషన్ అంటే వాపు, అది క్యాన్సర్ కాదు. తెల్లబట్టకి కారణం ఫంగసా, బ్యాక్టీరియానా చూసి మందులు వాడితే సరిపోతుంది. దురద, వాసన లేకపోతే ఆ మందులూ అక్కర్లేకపోవచ్చు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దాదాపు ఎప్పుడూ మూలం కలయిక ద్వారా సోకే హెచ్‌పీవీ అనే వైరస్సే. సోకినవాళ్లలో ఎక్కువమందికి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేసినప్పుడే చిక్కు. అది క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15-20 ఏళ్లు పడుతుంది. మధ్యలో మార్పులు దొరికితే కాల్పోస్కోపీతో (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో) చూసి, చిన్న ముక్క పరీక్షకి పంపి, చెడిన భాగం వరకే తీస్తారు, లేదా వేడితో మాడుస్తారు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకోవడంలో మన రెండు రాష్ట్రాలూ దేశంలో ముందున్నాయి. అండాశయాలు కూడా తీస్తే వెంటనే ముట్లుడిగినట్టే: ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం.

మీరిప్పుడు చేయించుకోదగ్గది ఆ వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష. నెగెటివ్ వస్తే మళ్లీ ఐదేళ్లకి చాలు. నెలసరి రోజుల్లో వెళ్లకండి. ముందు రెండు రోజులు కలయిక, యోనిలో పెట్టే మాత్రలు వద్దు, శాంపిల్ పాడవుతుంది. ఆ పరీక్ష అందుబాటులో లేకపోతే వీఐఏ ఉంది: ముఖద్వారానికి 3-5 శాతం ఎసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి తెల్లమచ్చ తేలుతుందా అని చూస్తారు. కలయిక తర్వాత రక్తం కనపడినా, నీళ్లలా నెత్తుటి చారతో దుర్వాసన వస్తున్నా పాత రిపోర్టు బాగుందని ఊరుకోవద్దు.

పాపకి మాత్రం ఇప్పుడే వేయించండి. టీకా రాబోయే వైరస్‌ని ఆపుతుందే తప్ప సోకినదాన్ని పోగొట్టదు. 9-14 ఏళ్ల మధ్య ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ఒక్కటైనా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. 15 నిండాక మొదలుపెడితే సాధారణంగా మూడు: మొదటిది, రెండో నెలలో, ఆరో నెలలో. పెళ్లి కుదిరాక ఆర్నెల్లు ఎవరు ఆగుతారు? టీకా వేయించుకున్నా 30 దాటాక తనకీ ఈ పరీక్షలు తప్పవు. సూది వేశాక 15 నిమిషాలు అక్కడే కూర్చోబెట్టండి, ఈ వయసు పిల్లలకి కళ్లు తిరగడం మామూలే.