విడి టికెట్లకు మూడు గంటల గ్యాప్ చాలదు

విదేశీ ప్రయాణంలో మధ్యలో ఫ్లైట్ మారాలి, ఒకే టికెట్ కన్నా రెండు ఎయిర్‌లైన్లలో విడివిడిగా కొంటే చవకగా వస్తోంది, మధ్యలో మూడు గంటలు సరిపోతాయా అని అడిగారు. చాలవండీ. మొదటి ఫ్లైట్ లేటయి రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కి బాధ్యత ఉండదు. వాళ్ల లెక్కలో మీరు ‘నో షో’, అంటే ఫ్లైట్‌కి రాని ప్రయాణికుడు. సాధారణంగా ఆ టికెట్లోని రిటర్న్ కూడా రద్దయిపోతుంది.

అసలు చిక్కు లగేజీతో. బ్యాగులకు ట్యాగ్ సాధారణంగా మధ్య ఎయిర్‌పోర్టు వరకే వేస్తారు. అక్కడ ఇమిగ్రేషన్ దాటి, బ్యాగులు తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. అంటే ఆ దేశంలోకి వెళ్లే అనుమతి ఉండాలి. లేదంటే బయలుదేరే చోటే ఆపేయొచ్చు. కౌంటర్ చాలాచోట్ల గంట ముందే మూస్తారు, కాబట్టి మీ మూడు గంటలు నిజానికి రెండే. రెండు ఎయిర్‌లైన్ల బరువు పరిమితుల్లో తక్కువదాని ప్రకారం సర్దుకోండి.

ముందు బుకింగ్ సైట్లలో ఉండే ‘మల్టీ సిటీ’ ఆప్షన్‌లో (వరుసగా ఒక్కో ఊరు ఇచ్చి వెతికేది) చూడండి. 24 గంటలు దాటి ఆగినా మొత్తం ఒకే టికెట్‌గా రావచ్చు. లగేజీ, వీసా ఫీజులు కలిపాక విడి టికెట్ల చవక చాలాసార్లు కరిగిపోతుంది. అయినా విడిగానే కొంటే మధ్యలో ఒక రాత్రి ఉండేలా పెట్టుకోండి. ఇన్సూరెన్స్ తీసుకునేముందు విడి టికెట్ల కనెక్షన్ తప్పితే వర్తిస్తుందో లేదో పాలసీలో చూడండి.