ఎల్క్ వేటకి రేంజ్‌ఫైండర్ ఏది కొనాలి అని అడిగిన తమ్ముడికి

మొన్న ఒక తమ్ముడు అడిగాడు, అన్నా నేను అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ వచ్చి ఏడాదిన్నర అయింది, ఆఫీసులో ఫ్రెండ్స్ అక్టోబర్‌లో ఎల్క్ (ఇక్కడి పెద్ద జింక) వేటకి తీస్కెళ్తామంటున్నారు, బాలిస్టిక్ రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచి, ఎంత పైకి గురిపెట్టాలో కూడా చెప్పే పరికరం) ఒకటి కొనుక్కో, అదుంటే వెయ్యి గజాల నుంచి కూడా కొట్టేయొచ్చు అంటున్నారు, ఏది కొనమంటావ్ అని. ఇదే ప్రశ్న ఇంకో ముగ్గురు నలుగురు కూడా అడిగారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నీ వీసా సంగతి చూద్దాం తమ్ముడూ, అది తేలకుండా పరికరం గురించి మాట్లాడుకోవడం దండగ. రేంజ్‌ఫైండర్ కొనుక్కోడానికి ఏ అడ్డూ లేదు, ఈరోజే కొనుక్కోవచ్చు. రైఫిల్ అలా కాదు. హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం, దానికున్న మినహాయింపుల్లో ఒకటి నీ పేరు మీద చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. కాబట్టి లైసెన్స్ చేతికి రాకముందు ఫ్రెండ్ ఎవరన్నా సరదాగా "ఒక రౌండ్ కాల్చి చూడు" అన్నా వద్దని చెప్పు, మొహమాటపడకు, ఇక్కడ తేడా వస్తే కేసు ఒక్కటే కాదు గ్రీన్ కార్డ్ దాకా పోతుంది. నీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక్క అరగంట అడిగి తేల్చుకో, ఆ ఫీజు రేంజ్‌ఫైండర్ ఖర్చులో కలిపేసుకో. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ వీసా అడ్డు లేదు. ఇంకోటి, కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఎవరైనా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేస్తేనే లైసెన్స్ ఇస్తారు. అది మొక్కుబడిగా కాకుండా శ్రద్ధగా చెయ్యి. మనకి ఇంట్లో ఇవన్నీ నేర్పినవాళ్ళు లేరు కదా, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక మన దగ్గర వేట అనేది తాతల కబుర్లలోనే మిగిలింది, ఇక్కడి పిల్లలు పదేళ్ళప్పుడు నేర్చుకునేది మనం ముప్పై ఐదేళ్ళకి మొదలుపెడుతున్నాం.

ఇక అసలు విషయం. గజం అంటే మనకి ప్లాటు గుర్తొస్తుంది, రెండొందల గజాల స్థలం అంటాం గానీ నాలుగొందల గజాల దూరం కంటికి ఎలా కనపడుతుందో మనలో ఎవరికీ అలవాటు లేదు. మాది పల్నాడు, చిన్నప్పుడు జొన్నచేల్లో మంచె మీద నుంచుని వడిసెల తిప్పినవాణ్ణి, దూరం నా కంటికి బాగా తెలుసు అనుకునేవాణ్ణి. ఇక్కడ కొండల్లో గాలి పల్చగా తేటగా ఉంటుంది, లోయకి అవతల వాలు మీదున్న జింక పక్కనే ఉన్నట్టుంటుంది, మొదటి ఏడాది నేను 250 అనుకున్నది కొలిస్తే 430 వచ్చింది. అందుకే రేంజ్‌ఫైండర్ లేకుండా దూరం కాల్పు ఆలోచన కూడా వద్దు అంటాను.

పరికరం చేసే పని సింపుల్‌గా చెప్తా. లేజర్ పల్స్ వదులుతుంది, అది జంతువుకి తగిలి వెనక్కి రావడానికి పట్టిన టైం కొలుస్తుంది, 500 గజాలకి పోయి రావడానికి దాదాపు 3 మైక్రోసెకండ్లు. అంటే తిరిగొచ్చే ఆ కాస్త వెలుతురు సరిగ్గా దొరకాలి, అక్కడే ధరల తేడా అంతా. పెట్టె మీద 2000 గజాలు, 4000 గజాలు అని రాసుంటుంది చూడు, అది అద్దంలా మెరిసే టార్గెట్‌కి రాసిన అంకె. జింక వెంట్రుకలు వెలుతురుని అంతగా తిప్పికొట్టవు, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంకా తగ్గుద్ది. పెట్టె మీద అంకెలో సగమో మూడో వంతో డీర్‌కి వస్తుంది అనుకుని కొను, చాలా కంపెనీలు డీర్‌కి ఎంతో విడిగా రాస్తాయి కూడా, ఆ చిన్న అక్షరాలే చదువు.

ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది, లేజర్ కిరణం సూదిలా సన్నగా పోదు, టార్చిలైటులా విచ్చుకుంటుంది. స్పెసిఫికేషన్లలో బీమ్ డైవర్జెన్స్ అని మిల్లీరేడియన్లలో ఇస్తారు. ఒక మిల్లీరేడియన్ అంటే వెయ్యి గజాల దగ్గర ఒక గజం వెడల్పు. 1.5 ఉందనుకో, 500 గజాల దగ్గరే 27 అంగుళాలు పరుచుకుంటుంది, జంతువు ముందు గడ్డి దుబ్బున్నా వెనక రాయి ఉన్నా దాన్ని కూడా కలిపి చూస్తుంది. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. నా మూడో సీజన్‌లో ఒక మ్యూల్ డీర్ (ఇక్కడి ఒక రకం జింక), సేజ్‌బ్రష్ అనే పొదలున్న గుట్ట అవతల నుంచుంది. నొక్కితే 340 అని వచ్చింది, నేను నమ్మేసి స్కోప్ (రైఫిల్ మీద గురి చూసే దుర్భిణి) ఆ దూరానికి తిప్పి కాల్చేశాను. అది చెప్పిన 340 మధ్యలో ఉన్న పొదల దూరం, డీర్ ఉన్నది 410లో. బుల్లెట్ ఛాతీ కిందుగా పోయి మట్టిలో దిగింది. తగల్లేదని నాకు ఆ నిమిషంలో తెలీదు, రెండు గంటలు ఆ వాలంతా నెత్తురు చుక్క కోసం వెతుక్కుంటూ తిరిగాను, ఒక వెంట్రుక కూడా దొరక్కపోయేసరికి ఊపిరొచ్చింది. ఇంకో నాలుగంగుళాలు పైకి తగిలుంటే కాలు విరిగి ఏ అడవిలోనో మూడ్రోజులు నరకయాతన పడి చచ్చేది. ఆ రాత్రి టెంట్‌లో నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి ఒక్కసారి నొక్కి నమ్మను. మూడుసార్లు నొక్కుతా, జంతువు మీద, దాని కాళ్ళ దగ్గర నేల మీద, పక్కనే ఉన్న ఏదో బండ మీద, మూడూ దగ్గరగా ఉంటేనే ముందుకి. నువ్వు కొనేదాంట్లో దగ్గరిది చూపించే మోడూ దూరంది చూపించే మోడూ రెండూ మార్చుకునేలా ఉండాలి, పొదల్లో దూరంది పెట్టుకోవాలి, నొక్కి పట్టుకుంటే వరసగా చదివే స్కాన్ కూడా ఉండాలి. బీమ్ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, డబ్బులు పెట్టాల్సింది దీని మీద, పెట్టె మీద పెద్ద అంకె మీద కాదు.

మనవాళ్ళు చాలామంది గోల్ఫ్ రేంజ్‌ఫైండర్ ఉంది కదా, స్లోప్ కూడా చూపిస్తుంది, అదే వాడేస్తాను అంటారు. వద్దు. గోల్ఫ్‌లో ఎత్తుకి కొట్టాలంటే దూరం పెంచి చూపిస్తుంది, బంతి కథ వేరు. రైఫిల్‌కి ఎత్తుకి కాల్చినా పల్లానికి కాల్చినా రెండింట్లోనూ దూరం తగ్గించే లెక్కేయాలి, ఎందుకంటే గురుత్వాకర్షణ బుల్లెట్‌ని కిందకి లాగే లెక్క అడ్డంగా ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది. కొండ మీద నుంచి 30 డిగ్రీల కిందకి 400 గజాలుంటే, 346కి కాల్చినట్టు అన్నమాట. గోల్ఫ్ పరికరం ఎత్తుకి కాల్చేటప్పుడు దీనికి సరిగ్గా ఉల్టా చెప్తుంది, పైగా జెండా కర్ర పట్టుకోడానికి దగ్గర వస్తువునే ఎంచుకునేలా తయారుచేస్తారు, పొదల్లో నాకు జరిగిందే నీకూ జరుగుద్ది.

బాలిస్టిక్ అనే మాట ఎక్కడొస్తుందంటే, మామూలుది దూరం చెప్పి ఊరుకుంటుంది, బాలిస్టిక్‌ది ఆ దూరానికి నీ రైఫిల్ ఎంత పైకి తిప్పుకోవాలో కూడా చెప్తుంది. ఉదాహరణకి 6.5 క్రీడ్‌మూర్ అనే రకం తూటాలో 143 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్, 200 గజాలకి జీరో చేసుకుంటే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సర్దుకుంటే, 400 దగ్గర ఇరవై అంగుళాల పైన కిందకి దిగుద్ది, 500 దగ్గర నలభై దాటుద్ది. మ్యూల్ డీర్ గుండె ఊపిరితిత్తులున్న చోటు మహా అయితే 8 నుంచి 10 అంగుళాల గుండ్రం. ఎంత జాగ్రత్త కావాలో నువ్వే లెక్కేసుకో.

కానీ ఆ లెక్క వేసేది నువ్వు ఎక్కించిన వివరాలతోనే. ఎక్కువమంది బోల్తా పడేది రెండు చోట్ల. ఒకటి మజిల్ వెలాసిటీ, అంటే బుల్లెట్ బ్యారెల్ దాటేటప్పటి వేగం, తూటాల పెట్టె మీద 2700 అడుగులు సెకండుకి అని ఉంటుంది, అది వాళ్ళ 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌లో వచ్చింది, నీది 20 అంగుళాలదైతే వంద అడుగుల దాకా తగ్గొచ్చు, 500 గజాల్లో అది మూడు నాలుగు అంగుళాల తేడా. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచేది) మీద నీ రైఫిల్‌తో కొలిచిన అంకె మాత్రమే ఎక్కించు. ఇప్పుడు గార్మిన్ వాళ్ళది అరచేతిలో పట్టేది వచ్చింది, పక్కన పెట్టి కాలిస్తే చాలు, కొనక్కర్లేదు, కాల్చడం ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో ఎవరిదగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది, మర్యాదగా అడిగితే ఇస్తారు.

రెండోది గాలి పీడనం. ఫోన్‌లో వెదర్ యాప్ చూసి 30 అంగుళాలు (పాదరసం ఎత్తు లెక్క) అని ఎక్కిస్తారు, అది సముద్రమట్టానికి సర్ది చెప్పే అంకె. డెన్వర్‌లో నిజంగా ఉండే పీడనం 24 పైచిలుకు, 9000 అడుగుల ఎత్తులో ఎల్క్ ఉండే చోట 21 పైచిలుకు. దీన్నే స్టేషన్ ప్రెషర్ అంటారు. పీడనం తక్కువ ఉంటే గాలి పల్చన, బుల్లెట్ తక్కువ దిగుద్ది, నువ్వు 30 ఎక్కిస్తే జంతువు వీపు మీంచి పోతుంది. 300 గజాల్లో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, 500 దాటితే మాత్రం గట్టిగా కనపడుద్ది. అందుకే పరికరంలోనే పీడనం, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు ఉన్నదే తీస్కో అంటాను, నా మాట విను, నువ్వు చలిలో వణుకుతూ ఇవన్నీ ఎక్కించలేవు.

ఎక్కించే వివరాలు చాలావాటిలో ఫోన్ యాప్ నుంచి బ్లూటూత్‌లో పోతాయి. కొండల్లో సిగ్నల్ ఉండదు, ఫోన్ చలికి చచ్చిపోద్ది, కాబట్టి ఇంట్లోనే ప్రొఫైల్ ఎక్కించేసి, ఫోన్ ఆపేసినా లెక్క వస్తోందో లేదో చూసుకో. ఎమ్ఓఏనా మిల్ నా (స్కోప్ తిప్పే కోణానికి రెండు కొలతలు) అన్నది నీ స్కోప్ ఏదో అదే పెట్టు. ఒక మిల్ 100 గజాల్లో 3.6 అంగుళాలు, ఒక ఎమ్ఓఏ అంగుళం మీద కాస్త, ఒకదానికి ఇంకోటి తిప్పావంటే ఇక దేవుడే దిక్కు.

డిస్‌ప్లే గురించి కూడా చూస్కో. కొలరాడోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు, జంతువులు బయటికొచ్చేది సరిగ్గా ఆ మసక వెలుతుర్లోనే. నల్ల అంకెల ఎల్‌సీడీ అయితే చీకటి పొదల మీద కనపడి చావదు, ఎర్రగా వెలిగేది తీస్కో. బ్యాటరీ చాలావాటికి సీఆర్2 పడుతుంది, ఊళ్ళో గ్యాస్ స్టేషన్‌లో దొరకదు, రెండు ఎక్స్‌ట్రా లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకో.

గాలి వీచేది మాత్రం ఈ పరికరాలేవీ కొలవలేవు, ఇది బాగా గుర్తుపెట్టుకో. గంటకి 10 మైళ్ళ అడ్డగాలి 500 గజాల్లో బుల్లెట్‌ని ఒక అడుగు పైనే పక్కకి నెడుతుంది. నీ దగ్గర వీచే గాలి కెస్ట్రెల్ అనే చేతిలో పట్టే గాలిమీటర్ పెట్టి కొలుచుకోవచ్చు, లోయ మధ్యలో వీచేది గడ్డి ఊగడం చూసి తెలుసుకోవాలి, దానికి ఏళ్ళు పడుతుంది. నీ ఫ్రెండ్స్ వెయ్యి గజాలంటున్నారు చూడు, ఇనప పలక మీద కాల్చుకుంటే సరదా, నేనూ కాలుస్తా. జంతువు మీద నేను 400 దాటను, నువ్వు మొదటి రెండేళ్ళు 250 పెట్టుకో. వెయ్యి గజాలకి బుల్లెట్ చేరడానికి సెకండు పైనే పడుతుంది, ఆ సెకండులో ఎల్క్ ఒక్క అడుగేసినా పొట్టలో తగులుద్ది.

అంటే 250కి బాలిస్టిక్ ఎందుకన్నా అంటావేమో, నిజమే, ఈ ఏడాదికి అవసరం లేదు. 200 నుంచి 400 డాలర్లలో యాంగిల్ లెక్క చూపించేది, బీమ్ సన్నంది, ఎర్ర డిస్‌ప్లేది, ల్యూపోల్డ్‌లోనో వోర్టెక్స్‌లోనో చూసి కొనుక్కుంటే నీకు సరిపోద్ది. వేట మానను, నేర్చుకుంటాను అని గట్టిగా ఉంటే అప్పుడు సెన్సర్లున్న బాలిస్టిక్ మోనాక్యులర్ (ఒక కంటితో చూసేది), సిగ్ సావర్ కిలో సిరీస్ లాంటివి చూడు. లైకా, స్వరోవ్‌స్కీ బైనాక్యులర్‌లోనే రేంజ్‌ఫైండర్ కలిపి ఇస్తాయి, అద్దాలు అద్భుతంగా ఉంటాయి, వేల డాలర్లు. ఒకటే వస్తువు మెళ్ళో వేసుకుంటే చాలు కాబట్టి నాకు అదే ఇష్టం, కానీ అది కొనడానికి నేను ఎనిమిదేళ్ళు ఆగాను. రైఫిల్‌కే బిగించే రేంజ్‌ఫైండర్ స్కోపుల జోలికి వెళ్ళొద్దు, ఐడహో లాంటి చోట్ల రైఫిల్‌కి తగిలించే ఎలక్ట్రానిక్ వస్తువుల మీద ఆంక్షలున్నాయి, రాష్ట్రం రాష్ట్రానికి రూలు మారుద్ది.

కొన్నాక పెట్టెలో దాచకు. రోజూ సాయంత్రం వాకింగ్‌కి తీస్కెళ్ళి, మనుషుల ఇళ్ళకేసి కాకుండా పార్కులో చెట్టుకీ రాయికీ ముందు నీ కంటితో దూరం చెప్పు, తర్వాత నొక్కి చూడు. రెండు నెలలకి నీ కన్నే దారిలో పడుద్ది. తర్వాత లైసెన్స్ జేబులో పెట్టుకుని ఆగస్టులో ఏదో ఒక శనివారం పొద్దున్నే రేంజ్‌కి రా, నేను క్రోనోగ్రాఫ్ తెస్తాను, మీ వదిన పులిహోర కట్టిస్తుంది, 100 నుంచి మొదలుపెట్టి నీ చెయ్యి ఎక్కడ నిలబడుతుందో అక్కడిదాకా చూద్దాం.