మీ ప్రశ్న, నా జవాబు: జపాన్ అమ్మాయిల పాటలో తాళం ఎక్కడ తప్పింది?

రెండు నెలల కిందట ఇదే పేజీలో ఏదో మాటల్లో బేబీమెటల్ పేరు రాశాను. గిటార్లూ డ్రమ్సూ హోరెత్తించే మెటల్ సంగీతానికి పాడుతూ ఆడే జపాన్ అమ్మాయిల బృందం అది. అప్పట్నుంచి వాళ్ల మీదే ఉత్తరాలు, అందులోనూ ఎక్కువగా ఒకే పాట, ‘టేల్స్ ఆఫ్ ది డెస్టినీస్’ గురించి. కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. చదువుకుంటూ చెవిలో ఏదో జపాన్ పాట పెట్టుకుంటుంది. నిన్న స్పీకర్లో పెట్టమన్నాను. ఆడపిల్లలు ముద్దుగా పాడుతుంటే వెనకాల రేకుల షెడ్డు కూలుతున్నట్టు చప్పుడు! పేరు ‘టేల్స్ ఆఫ్ ది డెస్టినీస్’ అంది. ఇదేం పాటండీ, నేను భయపడాలా?
— ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

భయం అక్కర్లేదమ్మా. రేకుల షెడ్డు పోలిక మాత్రం బ్రహ్మాండంగా ఉంది, ఇకమీదట నేనూ వాడుకుంటాను.

జపాన్‌లో ఐడల్స్ అని ఉంటారు. చిన్న వయసులోనే ఏజెన్సీ వాళ్లు చేర్చుకుని, పాట, డాన్స్, నలుగురిలో మసలుకోవడం అన్నీ నేర్పి స్టేజీ ఎక్కిస్తారు. సకురా గకుయిన్ అనే ఐడల్ గ్రూపును అచ్చం బడిలా నడిపేవాళ్లు. అందులో బడిలో ఉన్నట్టే క్లబ్బులు ఉండేవి, వాటిలో ఒకటి హెవీ మ్యూజిక్ క్లబ్. 2010లో ఆ క్లబ్బులోంచి పుట్టిందే బేబీమెటల్. నిర్మాత కోబామెటల్ ఎంచుకున్న ముగ్గురిలో పెద్దమ్మాయి సూమెటల్‌కు అప్పటికి 12 ఏళ్లు, యుయిమెటల్‌కూ మోఆమెటల్‌కూ 11. మెటల్ అంటే ఏంటో ముగ్గురికీ తెలీదు, ఆ మాట వాళ్లే చెప్పారు.

ఇక దెయ్యాల సంగీతమని ఎవరైనా అంటే పట్టించుకోకండి. వీళ్లు దండం పెట్టేది నక్క దేవుడికి, అదీ స్టేజీ మీద సరదా కథలో భాగంగా. మెటల్ కచేరీల్లో జనం రెండు వేళ్లతో కొమ్ములు చూపిస్తారు కదా, వీళ్ల అభిమానులు నక్కను చూపిస్తారు. చూపుడు వేలూ చిటికెన వేలూ చెవుల్లా నిలబెట్టి మిగతా మూడూ ముందుకు కలిపితే నక్క మూతి. కరెంటు పోయినప్పుడు గోడ మీద మనం ఆడుకున్న నీడలాటే.

మీ అమ్మాయి వింటున్న పాట 2016 ఏప్రిల్ 1న ప్రపంచమంతా విడుదలైన ‘మెటల్ రెసిస్టెన్స్’ ఆల్బమ్‌లో ఆఖరి పాటకు ముందుది. ఆ ఆల్బమ్ అమెరికాలో బాగా ఆడే ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో 39వ స్థానం దాకా వెళ్లింది. జపాన్ వాళ్ల ఆల్బమ్ అక్కడ టాప్ 40లోకి రావడం 1963లో గాయకుడు క్యూ సకమోటో తర్వాత మళ్లీ అప్పుడే. అమ్మాయి అభిరుచికి వంక పెట్టక్కర్లేదు. దానికి చదువు బుర్రకెక్కుతుందా అంటే... నాకైతే ఎక్కదు.

అన్నా, నేను బీటెక్ థర్డ్ ఇయర్, డ్రమ్స్ వాయిస్తా. ఈ పాట వాయిద్దామని నెల రోజుల్నుంచి కూర్చుంటున్నా. వన్ టూ త్రీ ఫోర్ అని మొదలుపెడతా, పది సెకన్లలో ఎక్కడున్నానో నాకే తెలీదు. ఏం చేయాలి?
— కూకట్‌పల్లి నుంచి

తమ్ముడూ, నీ కష్టం నాకు తెలుసు. మొదటిసారి ఈ పాట మెట్రోలో విన్నాను, మియాపూర్ వైపు పోతూ. లెక్క ఎక్కడ పోతుందో ఈసారి పట్టుకోవాల్సిందేనని తొడ మీద చేత్తో కొట్టుకుంటూ, వేళ్లు మడుచుకుంటూ, మళ్లీ వెనక్కి జరిపి వింటూ కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన “కచేరీయా బాబూ” అని అడిగారు కూడా. తలెత్తేసరికి అమీర్‌పేట్‌లో దిగాల్సినవాణ్ణి ఎర్రగడ్డలో ఉన్నాను. ఈ పాట విని సరిగ్గా ఎర్రగడ్డలోనే తేలావా అని మా ఆఫీసులో ఇప్పటికీ అంటుంటారు, నువ్వు అనకు.

అసలు చిక్కేమిటంటే నువ్వు నాలుగు దెబ్బల లెక్క పట్టుకుని వదలట్లేదు. ప్రోగ్రెసివ్ మెటల్ అని, తాళాలు మార్చుకుంటూ చిక్కు పాటలు కట్టే మెటల్ ఒకటుంది, వాళ్లకు నాలుగంటే విసుగు. 1985లో బోస్టన్‌లో మొదలైన డ్రీమ్ థియేటర్ బ్యాండు లాంటి వాళ్లు ఈ దారి వేసినవాళ్లలో ముఖ్యులు, ఈ పాట వినగానే చాలామంది తల్చుకున్నదీ వాళ్లనే. ఐదులూ ఏడులూ వాళ్లకు అన్నం, నీళ్లు.

మనకు మాత్రం కొత్తా? ఏడంటే మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు తాళం. త్యాగరాజస్వామి ‘నిధి చాల సుఖమా’ నడిచేది అందులోనే, మీ అమ్మమ్మ చేత్తో తాళం వేస్తూ పాడేసి ఉంటుంది, లెక్క అని కూడా అనుకోకుండా. ఐదు ఖండచాపు. కాబట్టి అంకెలు ఆపు, నోటితో చెప్పు. తకిట తకధిమి అంటే మూడూ నాలుగూ, ఏడు. తక తకిట అంటే ఐదు. తకధిమి తకతకిట తొమ్మిది. గిటార్ లావు తీగ మీద దెబ్బ ఎక్కడ పడుతోందో అక్కడ ‘త’ పెట్టి, మధ్యలో రెండులు దూరుతున్నాయా మూడులు దూరుతున్నాయా చూడు. వేగం సగానికి తగ్గించి, అరనిమిషం ముక్క ఒక్కటే తీసుకో. అది నోటికి వచ్చేదాకా కర్రలు ముట్టుకోకు.

ఒక తేడా మాత్రం ఉంది, ముందే చెప్తున్నా. మన కచేరీలో మృదంగం ఎన్ని పోకడలు పోయినా తాళం వేసే చెయ్యి మాట తప్పదు, ఆది తాళమంటే చివరిదాకా ఎనిమిదే. ఇక్కడ తాళమే మాట మారుస్తుంది. ఏడనుకుని కుదురుకునే లోపే ఇంకోటి, దాని వెంటే మామూలు నాలుగు. అదీ ఎంతసేపో ఉండదు. అందుకే ఒకే లెక్కతో మొత్తం పాట దాటలేవు, ముక్కలు ముక్కలుగా కంఠతా పట్టాల్సిందే, ఎక్కాల్లాగా.

తాళం అలా కుప్పిగంతులు వేస్తున్నా సూమెటల్ గొంతు మాత్రం తిన్నగా, తాడు కట్టినట్టు పోతుంది. తప్పిపోయిన ప్రతిసారీ వెళ్లి ఆ గొంతు పట్టుకో. నాకు పాట దొరికింది అలాగే. లెక్క మాత్రం ఒకటి రెండు చోట్ల ఇప్పటికీ పోతుంది, దాచుకోను.

వాళ్లు రాసుకోరు, బాణీ కట్టుకోరు, వాయించరు. ఎవరో ఆడిస్తే ఆడే బొమ్మలు. వీళ్లకు ఇంత పొగడ్త దేనికి? నలభై ఏళ్లుగా కచేరీలు వింటున్నవాణ్ణి, అందుకే అడుగుతున్నాను.
— చిక్కడపల్లి పాఠకులు

మాస్టారూ, మీ మాట కొట్టిపారేయను, ఆ ఏజెన్సీల పద్ధతిలో నాకూ నచ్చనివి ఉన్నాయి. పదకొండేళ్ల పిల్లను తెచ్చి రోజుకింత అని తోమడం వినడానికే బాగోదు. కానీ రాసుకోరు, వాయించరు అన్నది మాత్రం మనం అడగాల్సిన ప్రశ్న కాదు సార్. మన సినిమా పాట సంగతేంటి? రాసేది ఒకరు, బాణీ ఒకరు, పాడేది ఇంకొకరు, తెర మీద ఎగిరేది నాలుగోవారు. వీళ్లలో పాడేవాళ్లే ఎగురుతారు, పైగా ఇలాంటి తాళానికి! ఒకచోట కూర్చుని పాటను లెక్కపెట్టుకోవడానికే నాకు ఊపిరాడలేదు, వాళ్లు దానికి అడుగులు వేశారు. వెనకాల వాయించేది కామి బ్యాండ్ అని, మొహానికి తెల్లరంగు పూసుకుని, తెల్లబట్టల్లో ఉంటారు. మహా గట్టివాళ్లు. అందులో మికియో ఫుజియోకా అనే గిటారిస్టు 2018 జనవరిలో పోయాడు, పాపం.

2016 సెప్టెంబరులో టోక్యో డోమ్‌లో వరుసగా రెండు రాత్రులు ఆడారు, రెండు రాత్రులకూ కలిపి లక్షా పది వేల మంది జనం. మొదటి రాత్రి పాడిన ఏ పాటా రెండో రాత్రి మళ్లీ పాడలేదు. మనం మాట్లాడుకుంటున్న ‘టేల్స్ ఆఫ్ ది డెస్టినీస్’ను జనం ముందు మొదటిసారి పాడింది అక్కడే, ఆ తర్వాత పాడింది బాగా తక్కువ. ఎందుకో ఊహించడం కష్టం కాదనుకుంటా.

ఒక్కసారి ఆ కచేరీ వీడియో చూడండి, గొంతు సంగతి వదిలేసి కాళ్లనే చూడండి. వినాయకుడి నిమజ్జనం రోజు మన వీధిలో తీన్‌మార్ పడితే లెక్క తెలీని పిల్లలు కూడా కాలు తప్పరు కదా, అలా ఉంటుంది. అప్పటికీ బొమ్మలే అంటే నేను వాదించను.

ఆ ముగ్గురూ ఇంకా ఉన్నారా?
— ఉప్పల్

ఇద్దరున్నారు. యుయిమెటల్ 2018లో తప్పుకుంది. 2023 ఏప్రిల్ నుంచి మూడో అమ్మాయి మోమోమెటల్. ఢిల్లీ బ్యాండు బ్లడీవుడ్‌తో కలిసి 2025లో ‘బేఖౌఫ్’ అనే పాట చేశారు, హిందీ కూడా వినిపిస్తుంది. ఈ పాటలా చిక్కుముడి కాదు, ఢోల్ ఉంది, ఇంట్లో అందరిముందూ పెట్టుకోవచ్చు.

సార్, పాట నచ్చింది కానీ మధ్యలో కోసేసినట్టు ఆగిపోతోంది. నా ఫోన్‌లోనే తేడానా?
— నల్లకుంట

ఫోన్ మంచిదే, మీరు షఫుల్‌లో పెట్టి ఉంటారు. ఐదున్నర నిమిషాల ఆ హడావుడి చివర్లో పియానో వస్తుంది, అది నేరుగా ఆల్బమ్ ఆఖరి పాట ‘ది వన్’లోకి తీసుకెళ్తుంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వినాలి. షఫుల్ తీసేయండి.