ఒట్టు పెట్టుకుంటే కోపం పోతుందా?

ప్రశ్న: నేను బట్టలంగడి నడుపుతాను. వయసు 48. గుమాస్తా బిల్లు తప్పు రాసినా, చీర మడత చెడగొట్టినా గిరాకీ ముందరే అరిచేస్తాను. రాత్రికి మనసు పీకుతుంది. ఇక అరవనని ఉగాదికి ఒట్టు పెట్టుకున్నా, వారం నిలవలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాదీ అంతేనా?
ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: కాదండీ. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) ఈ సంగతే తేల్చి చెప్పాడు. రాయిని పదివేలసార్లు పైకి విసిరినా పైకి పోవడం దానికి అలవాటు కాదు. మనిషి గుణం అట్లా కాదు, ఇల్లు కట్టి కట్టి మేస్త్రీ అయినట్టు, చేసి చేసి వచ్చేది. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న మన వేమన ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్నదీ ఈ దారిలో మాటే. ఒట్టు ఒక్క పూట పెట్టుకున్నది. అరుపు ఏళ్ల తరబడి సాధన చేసినది. ఏది గెలుస్తుంది?

అయితే కోపం మొత్తం పోవాలని కోరుకోకండి. కోపం రావలసిన చోట కూడా రానివాణ్ణి అరిస్టాటిల్ మెచ్చుకోడు, అదీ లోపమే అంటాడు. తగిన మనిషి మీద, తగిన కారణానికి, తగిన వేళ, తగిన తీరులో, తగినంతసేపు: కోపానికి ఇవన్నీ కుదరాలి. మీ విషయంలో కారణం ఒక్కోసారి సరైనదే. తప్పుతున్నది వేళ, తీరు.

అందుకని ఒక్క సందర్భమే పట్టుకోండి, బిల్లు తప్పు. కనబడగానే మీరే దిద్ది గిరాకీకి ఇచ్చేయండి. వాళ్లు వెళ్లాక గుమాస్తాను పక్కకు పిలిచి ఏ అంకె తప్పో చూపించండి. రెండు మాటలు చాలు, పాతవి తవ్వొద్దు. రాత్రి అంగడి మూసేటప్పుడు లెక్కల పుస్తకం చివరి పేజీలో గుర్తు పెట్టండి: ఓర్చుకున్నదానికి నిలువు గీత, జారినదానికి అడ్డగీత. నెల దాకా చీర మడతల జోలికి పోవద్దు. వంగిన కట్టెను సరిచేయాలంటే అవతలి వైపుకు వంచాలి కదా, కొన్నాళ్లు అవసరానికి మించి మెత్తగానే ఉండండి. ఇన్నాళ్లూ పదిమంది ముందర అరిచినందుకు అతనికి ఒకసారి క్షమాపణ చెప్పండి. పెద్దరికం తగ్గదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ: అంగట్లో కోపం మింగి, ఇంట్లో మూతి ముడుచుకుంటారు. గబుక్కున మండి గబుక్కున చల్లారేవాళ్లు ఒక రకమనీ, లోపల దాచి ఏళ్లు మోసేవాళ్లు ఇంకో రకమనీ, ఈ రెండోవాళ్లు తమకూ తమవాళ్లకూ భారమనీ అరిస్టాటిల్ విడదీశాడు. మీరు మొదటి రకం. రెండో రకంలోకి జారితే మారినట్టు కాదు. అందుకే ఆ రెండు మాటలు ఆ రోజే, అంగట్లోనే చెప్పేయాలి.

నెల అయ్యాక గీతల లెక్క కన్నా ముఖ్యమైనది చూసుకోండి: పళ్లు బిగబట్టి ఓర్చుకుంటున్నారా, కష్టం లేకుండానా? మొదట్లో పళ్లు బిగబట్టడమే ఉంటుంది, అది నటన కాదు. చేదు తగ్గుతుంటే గుణం పాదుకుంటున్నట్టు, అప్పుడు చీర మడతలకు రండి. తగ్గకపోతే బిల్లుల మీదే ఇంకో నెల సాగించండి.