28వ వారంలో బీపీ పెరిగింది, పురుడుకి పుట్టింటికి వెళ్లొచ్చా?

28వ వారంలో బీపీ 146/94 వచ్చిందని, లాబెటలాల్ అనే బీపీ మందు మొదలుపెట్టి ఫైలు మీద హై రిస్క్ అని రాశారని, సీమంతం కాగానే అమ్మావాళ్లు తీసుకెళ్తామంటున్నారని రాశారు. నా మొదటి కాన్పూ ఇలాగే నడిచింది కాబట్టి చెబుతున్నాను. మందులు, డోసుల సంగతి మాత్రం మీ డాక్టరుగారినే అడగండి.

వెళ్లడంలో తప్పేం లేదు. కాకపోతే ముందే ఒకటి తేల్చుకోండి. అర్ధరాత్రి బీపీ 160/110 దాటితే ఏ ఆసుపత్రికి వెళ్తారు? నెలలు నిండని బిడ్డను చూసే ఎన్‌ఐసీయూ అక్కడ ఉందా? మా పుట్టిల్లు సత్తుపల్లి దగ్గర పల్లె. ఖమ్మం చేరేసరికే చాలాసేపు పడుతుంది. అందుకని నేను హైదరాబాద్‌లోనే ఉండిపోయాను, అమ్మే నా దగ్గరికి వచ్చింది. పుట్టింటి పురుడు లేకుండా పోయిందని మా మేనత్త ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది, ఆవిడ ముచ్చట ఆవిడది. మీ పుట్టిల్లు పెద్దాసుపత్రి ఉన్న టౌన్లోనే అయితే హాయిగా వెళ్లండి, కానీ వెళ్లిన వారంలోనే అక్కడి డాక్టరుకు ఫైలంతా చూపించి పేరు రాయించుకోండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, అదీ వాడుకోవచ్చు.

ఇంట్లో బీపీ మిషన్ తప్పనిసరి. మణికట్టుకు పెట్టేది వద్దు, పైచేతికి చుట్టేది కొనండి. ఒకసారి ఆసుపత్రికి పట్టుకెళ్లి వాళ్ల మిషన్‌తో సరిచూసుకోండి. చేయి కాస్త లావైతే పెద్ద పట్టీ అడగండి, చిన్నదైతే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూసుకోవాలి. ఎడమవైపు తిరిగి పడుకుని పైన ఉన్న చేతికి చూస్తే తక్కువ వస్తుంది, దానికి మురిసిపోకండి. నేను చూపించుకున్న చోట మెట్లెక్కి వచ్చీ రాగానే పట్టీ చుట్టి, సిస్టర్ కబుర్లు చెబుతూ రాసేసుకునేది. ఇంట్లో పొద్దున, రాత్రి చూసి రాసుకున్న నోట్‌బుక్ ముందు పెట్టాకే డాక్టరమ్మ డోసు గురించి ఆలోచించింది.

రీడింగ్ బాగానే ఉన్నా కొన్ని లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చూపు మసకబారడం, ఆయాసం, ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచడం, బిడ్డ కదలికలు తగ్గడం. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ అనుకుని జెలుసిల్ తాగి పడుకోకండి. పాదాల వాపు మాత్రం చాలామందికి ఉంటుంది, అదొక్కటే అయితే హడలిపోనక్కర్లేదు. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనే ఫిట్స్ రాకుండా చూడటానికే ఇంత కాపలా.

మూత్రంలో ప్రొటీన్, రక్తంలో ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్షలు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తప్రసరణ చూసే డాప్లర్‌తో బిడ్డ గ్రోత్ స్కాన్ మళ్లీ మళ్లీ రాస్తారు. డబ్బుల కోసం రాస్తున్నారని మా వాళ్లూ అన్నారు. బిడ్డకు రక్తం సరిగా అందుతోందా, మీ ఒళ్లు తట్టుకుంటోందా అనేది వాటితోనే తెలుస్తుంది. ముందుగా కాన్పు చేయాల్సి వస్తుందనిపిస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి బాగా పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, దగ్గర్లో ఉండమనేది అందుకే.

ఇంట్లో నాన్నగారి టెల్మిసార్టాన్ ఉందని, అదీ బీపీ బిళ్లే కదా అని వేసుకోవద్దు. గర్భంలో అది బిడ్డకు ప్రమాదం. మా అత్తగారు నాకు చప్పిడి కూడు మొదలుపెట్టారు. ఉప్పు మానేస్తే ఈ బీపీ తగ్గదమ్మా, ఆవకాయ, అప్పడాలు తగ్గించు చాలు అని డాక్టరమ్మ నవ్వేసింది.

కాన్పుతో అయిపోయిందనుకోకండి. మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ ఎక్కొచ్చు, సరిగ్గా అప్పుడే డిశ్చార్జ్ చేస్తారు. నాకు ఇంటికొచ్చాకే 150 దాటింది, మందు ఇంకొన్నాళ్లు వాడాల్సి వచ్చింది. ఆరు వారాలకు బిడ్డ టీకాలకు వెళ్లినప్పుడు మీ రీడింగులు కూడా పట్టుకెళ్లండి. అందరూ బిడ్డనే చూస్తారు, మీ బీపీ చూడమని మీరే అడగాలి.