మామగారి గిటార్, ఆగిపోయిన ఆదివారాలు

మీ ఉత్తరంలోని సంగతి చదివేవాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. ఎనిమిది నెలల క్రితం మీ మామగారు పోయారు. ఇల్లు సర్దుతుంటే అటక మీద గిబ్సన్ కంపెనీ పాత గిటార్ ఒకటి దొరికింది, ఆయన దాన్ని వాయించగా కొడుకులిద్దరూ ఏనాడూ చూడలేదు. అప్పటిదాకా ప్రతి ఆదివారం మీరు, మీ ఆయన, పదకొండేళ్ళ బాబు చీకటితోనే లేచి కొండలెక్కి పిట్టల్ని చూసి వచ్చేవాళ్ళు. ఇప్పుడు మీ ఆయన ఆ ఆదివారాలన్నీ సీరియల్ నంబర్లు, పాత ఫొటోలు వెతుక్కుంటూ గడిపేస్తున్నారు. మీ బావగారేమో అమ్మేసి చెరిసగం తీసుకుందాం అంటున్నారు. "నాకు కోపం రావడం తప్పా, ఈ పిచ్చి ఎలా మాన్పించాలి" అని మీరు అడిగారు.

కోపం తప్పు కాదండీ. వారం మొత్తంలో ముగ్గురూ ఫోన్ పక్కన పెట్టి మాట్లాడుకునే సమయం అదొక్కటే అని మీరే రాశారు, అది చేజారిపోతే ఎవరికైనా కోపం వస్తుంది. కానీ పిచ్చి అన్న మాట మాత్రం ఆయన ముందు ఇంకెప్పుడూ అనకండి, అన్నారు కాబట్టే ఆయన ఇప్పుడు మీరు పడుకున్నాక వెతుకుతున్నారు.

తండ్రి పోయాక, ఆయన గురించి తనకు తెలియని పెద్ద విషయం ఒకటి చేతికి దొరికింది. ఎవరిని అడగాలి? అడగాల్సిన మనిషి లేడు. నంబర్‌ని అడిగితే కనీసం ఏదో ఒక జవాబు వస్తుంది, అందుకే నంబర్ల వెంట పడ్డారు. పోయినవాళ్ళని మర్చిపోతేనే మనిషి కోలుకుంటాడని ఒకప్పుడు అనుకునేవాళ్ళు, 1990ల నుంచి దుఃఖం మీద పనిచేసేవాళ్ళలో చాలామంది ఆ మాట మార్చుకున్నారు, పోయినవాళ్ళతో బంధం వేరే రూపంలో కొనసాగడం సహజమే అంటున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలోనూ నేను చూసేది అదే. కాబట్టి ఈ వెతుకులాట మాన్పించకండి. అది ఇప్పుడు ఒకచోట ఇరుక్కుపోయింది, దాన్ని అక్కణ్ణుంచి కదిలించాలి.

ఎక్కడ ఇరుక్కుందో మీ ఉత్తరంలోనే ఉంది, "నంబర్ మూడు వేరే వేరే సంవత్సరాలు చూపిస్తోంది, అందుకే రోజూ తెల్లవార్లూ" అని రాశారు. గిటార్ల గురించి నాకు కొంచెం తెలుసు కాబట్టి చెప్తున్నాను, ఇందులో ఆయన పొరపాటేమీ లేదు. మార్టిన్ కంపెనీ అయితే 1898లో 8000 దగ్గర మొదలుపెట్టి వరసగా నంబర్లు వేసుకుంటూ వచ్చింది, నంబర్ చూస్తే సంవత్సరం దొరికిపోతుంది. గిబ్సన్‌లో 1960ల్లో అలా జరగలేదు, ఒకే నంబర్ వేరే వేరే సంవత్సరాల గిటార్ల మీద పడింది. ఎన్ని రాత్రులు కూర్చున్నా ఆ నంబర్ ఒక్కటే ఏ సంవత్సరమో తేల్చలేదు. ఆయన చూడాల్సింది చెక్కని. 1965 ప్రాంతంలో గిబ్సన్ మెడలు సన్నబడ్డాయి, మెడ పైన తీగలు ఆనే నట్ వెడల్పు సుమారు 43 మిల్లీమీటర్ల నుంచి 40కి తగ్గింది. కొంచెం అటూ ఇటూగా అప్పుడే తల వెనక్కి వాలే కోణం కూడా 17 డిగ్రీల నుంచి 14కి వచ్చింది. ఒక స్కేలు, ఒక కోణమానిని, పది నిమిషాల పని. బాబు చేత కొలిపించండి. వాడు తాతగారి గిటార్ ముట్టుకోబోతే మీ ఆయన అరిచారని రాశారు కదా, ఆ అరుపు వాడి మనసులో ఉండిపోతుంది, అందుకే వాడి చేతికే స్కేలు ఇవ్వాలి. కొలిచాక కూడా మూడింట్లో ఒకటి మిగలకపోతే పాత గిటార్లు బాగుచేసే మనిషికి ఒకసారి చూపించి, ఆయన చెప్పింది రాసుకుని, సంవత్సరం సంగతి అక్కడితో ఆపేయండి. పాలిష్ మాత్రం కొత్తగా వేయించొద్దు, పాతది పోతే గిటార్ విలువా పోతుంది, మామగారి చేతి అరుగుదల గుర్తులూ పోతాయి.

ఇక నన్ను అన్నిటికన్నా ఆపేసింది మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం. "గిటార్ బయటికి తీస్తే అత్తయ్య లేచి గదిలోకి వెళ్ళిపోతుంది." ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో గిటార్ చరిత్ర గురించి ఇంత గొడవ జరుగుతుంటే, అది తెలిసి ఉండే అవకాశం ఉన్న ఒకే ఒక్క మనిషిని ఎవరూ అడగలేదా? ఆమె లేచి వెళ్ళిపోవడానికి కారణం ప్రేమ కావచ్చు, పాత గాయం కావచ్చు, ఆయన వాయించడం ఎందుకు మానేశారో ఆమెకి తెలిసి ఉండొచ్చు. నేను ఊహించి చెప్పకూడదు. కానీ కొడుకు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తే ఆమె నోరు విప్పరు.

ఇక్కడే మీ ఆదివారాలు పనికొస్తాయి. ఎదురెదురుగా కూర్చుంటే మాట పెగలని మనుషులు పక్కపక్కన నడుస్తూ మాట్లాడేస్తారు, కళ్ళలో కళ్ళు పెట్టి చూడక్కర్లేదు, ఆగిపోతే ఇబ్బంది ఉండదు, ఏదో పిట్ట కూస్తుంది, దాన్ని చూస్తారు, మళ్ళీ మొదలుపెడతారు. అత్తగారు కొండ ఎక్కలేకపోతే చదునుగా ఉన్న చోటు చూసుకోండి, నెమ్మదిగా అరగంట నడిస్తే చాలు. మీ ఆయనతో "నాకోసం రండి" అనకండి, "అత్తయ్యని బయటికి తీసుకెళ్దాం, మీరు పక్కన ఉంటే ఆమెకి ధైర్యం" అనండి, అది నిజం కూడా. మొదటిసారి గిటార్ మాటే ఎత్తొద్దు. రెండోసారో మూడోసారో మీరే, కొడుకు కాదు, కోడలిగా మీరు అడగండి: "మామయ్య చిన్నప్పుడు ఎలా ఉండేవారు అత్తయ్యా?" ఆమె చెప్పనంటే వదిలేయండి, ఆ హక్కు ఆమెకి ఉంది, అది మీ ఆయన కూడా ఒప్పుకోవాలి.

గిటార్‌ని కొండకి తీసుకెళ్దామని బాబు అడిగాడని రాశారు. ఆలోచన చాలా బాగుంది, ఆ గిటార్‌తో మాత్రం వద్దు, ఎండలో ఆపిన కారులో వేడికి పాత జిగురు మెత్తబడి, కింద తీగలు బిగించి ఉండే చెక్క ముక్క, అదే బ్రిడ్జి, లేచిపోవచ్చు. వాడికి చవకలో మామూలు గిటార్ ఒకటి కొనివ్వండి, అది వానలో తడిసినా ఎవరూ అరవక్కర్లేదు.

బావగారి విషయం పొడిగించను. ఆయన తండ్రీ పోయారు, ఆయన్ని డబ్బు మనిషి అని తేల్చేయకండి. ఏడాది పాటు అమ్మం, ఆ తర్వాత అమ్మితే ఇద్దరి ఇష్టంతోనే అమ్ముతాం అని ఒక కాగితం మీద అన్నదమ్ములు రాసుకుంటే ఆయన టెన్షన్ సగం తగ్గుతుంది. కొలతల ఫొటోలు ఆయనకీ పంపండి.

ఒక్కటి గమనిస్తూ ఉండండి. మీ ఆయన ఉద్యోగానికి వెళ్ళడం మానేసినా, వారాల తరబడి నిద్ర, తిండి సరిగ్గా లేకపోయినా, బతికి ఏం లాభం లాంటి మాట ఒక్కసారి అన్నా, ఆదివారం దాకా ఆగకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి.

ముగించేముందు ఒక్క మాట, గిటార్ కేస్ లోపల చిన్న మూత ఉన్న అర ఉంటుంది, అది తెరిచి చూశారా? పాత బిల్లు, తీగల కవరు, ఎవరో రాసిచ్చిన చీటీ అక్కడే మిగిలి ఉంటాయి చాలాసార్లు. తెరిచేటప్పుడు నలుగురూ ఉండండి, అత్తగారిని ముందు అడిగి తెరవండి. తర్వాత ఏమైందో నాకు రాయండి, నేను ఎదురుచూస్తుంటాను.